అమ్మకు ఒళ్ళొచ్చిందనుకున్న ఏడాది

నాకు మా అమ్మ కాళ్ళంటే భయం.

పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే వీధి దాటి అమ్మ ఇంటికి పోతాను. ఆమె మంచం మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి ఉంటుంది. నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని, చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి పడతాను. వేలు తీశాక అక్కడ గుంట పడిందా, పడితే ఎంతసేపటికి పూడింది, అదే నేను చూసేది. గుంట లేకపోతే ఆ పూటకు బతికాం. ఉంటే రెండో కాలు కూడా నొక్కి చూస్తాను. "చూసింది చాలు లేయే. దినామూ నా కాళ్ళు మొక్కను వచ్చినట్టు కూర్చుంటావు" అని అమ్మ కసురుతుంది. ఆమెకు నవ్వులాట. నాకు కాదు.

నేను పిరికిదాన్నేం కాదు. రాచర్లకు దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో కుట్టుమిషను పెట్టుకుని బతికేదాన్ని. జాకెట్టు చెడగొట్టావని నోరు పారేసుకున్న వాళ్ళను వాళ్ళ మాటలతోనే వీధి చివరిదాకా సాగనంపినదాన్ని. మా ఆయన నాకు మేనమామే, అమ్మకు కడగొట్టు తమ్ముడు. ఆటో నడుపుతాడు. పెళ్ళయినా మామ అనే పిలుస్తాను. ఆయన కూడా నాతో వాదన పెట్టుకోవాలంటే ఆటో స్టార్ట్ చేసుకునే పెట్టుకుంటాడు. అట్లాంటి నన్ను ఒక మనిషి పాదాల ముందు ఇట్లా కూర్చోబెట్టింది షుగరు జబ్బు. ఊరుకోండి, షుగరుకూ కాళ్ళ వాపుకూ ఏం సంబంధం అంటారేమో. మేమూ అట్లాగే అన్నాం.

అమ్మకు షుగరు బయటపడి చాలా ఏళ్ళయింది. అంతకుముందు దిట్టమైన మనిషి. మిరపకోతల్లో ఆమె పక్క సాలు పట్టడానికి వయసు పిల్లలు కూడా వెనకాడేవాళ్ళు. నాయన పోయిన తర్వాత ఆ రెక్కల మీదే నన్ను పెంచింది. షుగరు వచ్చాక మనిషి కళ్ళ ముందే కరిగిపోయింది. మాత్రలు ఉంటే వేసుకునేది, అయిపోతే మళ్ళీ గిద్దలూరు పోయేదాకా ఊరికే ఉండేది. మధ్యలో కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, ఎవరేది చెబితే అది. బుగ్గలు లోపలికి పోయాయి, మెడ కింద ఎముకలు బయటికొచ్చాయి.

ఆ కరగడం అందరికంటే నాకే ఎక్కువ తెలిసింది. ఆమె జాకెట్లు కుట్టేది నేనే. మా పనిలో ఒక పద్ధతి ఉంది. జాకెట్టు పక్కల్లో లోపలివైపు కొంత గుడ్డ అదనంగా వదిలి కుడతాం. మనిషి లావైతే ఆ కుట్టు విప్పి వెలుపలికి వేసుకోవచ్చు, చిక్కితే ఇంకో కుట్టు లోపలికి వేసుకోవచ్చు. అమ్మ జాకెట్లకు నేను వేసినవన్నీ లోపలి కుట్లే. ఒకటి పక్కన ఒకటి, ఇంకొకటి. చివరికి పక్కలు గోనెపట్టాలాగా మందమైపోయి, చంక కింద ఒరుసుకుంటోందని గొణిగేది. "షుగరు మనిషిని కొరుక్కు తినదే, నమిలి తింటాది" అనేది మా ఎదురింటి చిన్నమ్మ, అమ్మకు చెల్లెలి వరస.

ఆ రోజుల్లోనే అమ్మ మందిరంలో మొక్కుకుంది. మావాళ్ళంతా యేసు ప్రభువు మందిరానికి పోయేవాళ్ళే, ఏ మేలు జరిగినా కృతజ్ఞత కూటం పెట్టుకోవడం ఆనవాయితీ. పిల్లకు ఉద్యోగం వచ్చినా, పాముకాటు నుంచి బతికినా, పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించి, మేలు పొందిన మనిషి లేచి సాక్ష్యం చెప్పి, వచ్చిన వాళ్ళకు అన్నం పెట్టి పంపాలి. పోయిన ఒళ్ళు మళ్ళీ వస్తే కూటం పెడతానని అమ్మ మొక్కు. షుగరు తగ్గాలని కాదు చూడండి, ఒళ్ళు రావాలని. మా ఊళ్ళో ఆరోగ్యమంటే ఒళ్ళే.

ఆ తర్వాత గిద్దలూరులో డాక్టరు పొట్టకు ఇన్సులిన్ సూది రాశాడు. పొద్దున, సాయంత్రం నేనే పోయి వేసేదాన్ని. నెలలు గడిచేసరికి బుగ్గలు కొంచెం నిండాయి. నడకలో తూలడం తగ్గింది. నిజంగానే కోలుకుందనుకుంటాను అప్పుడు. ఎక్కడిదాకా నిజమో, ఎక్కడ నుంచి అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే నిండడం అక్కడితో ఆగలేదు.

రేషను బియ్యం పోసుకునే రోజు మా ఆడవాళ్ళకు ఒక సరదా ఉంది. బియ్యం తూకం అయిపోయాక ఒకరి తర్వాత ఒకరు కాటా ఎక్కి నిలబడతారు. డీలరు అరుస్తూ ఉంటాడు, వీళ్ళు ఎక్కుతూనే ఉంటారు. అమ్మ ఎక్కిన ప్రతిసారీ అంకె పెరుగుతూ వచ్చింది.

"ఏం తింటాండావే అక్కా, మాకూ రవ్వంత చెప్పు. కాటా ఇరిగేటట్టుంది!" అంది చిన్నమ్మ.

"దిష్టి పెట్టమాకండే. దిష్టి లేదంటాడు అయ్యగారు. లేకున్నా మీ కండ్లు మంచియి కావు" అంది అమ్మ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కిందికి దిగుతూ. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇంటికొచ్చి జాకెట్ల కుట్లు విప్పడం మొదలుపెట్టాను. ఎన్నేళ్ళుగానో లోపల దాగిన గుడ్డ రంగు పోకుండా కొత్తదిలాగే బయటికొచ్చింది. నాకు ఎంత ఆనందమేసిందో! పాట పాడుకుంటూ కుట్టాను ఆ రోజు. ఒక సంగతి మాత్రం కళ్ళకు కనబడింది. జాకెట్టు కింది హుక్కులు పొట్ట మీద అందడం లేదు, లంగా నాడా ఒంటి మీద అచ్చు పడేంత బిగుతుగా ఉంది. చేతులు మాత్రం పాత కొలతే. చేతుల దగ్గర గుడ్డ ఇంకా వేలాడుతూనే ఉంది. వయసు మీదపడిన ఆడవాళ్ళకు పొట్ట దగ్గరే వస్తుందిలే అనుకుని మిషను తొక్కాను.

మిగతావాటికి కూడా మా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కాళ్ళు వాచాయా, మా నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, ఈ ప్రాంతంలో కాళ్ళనొప్పుల్లేని ముసలివాళ్ళెవరు? నాలుగడుగులు వేస్తే ఆయాసమా, అరవై దాటలేదూ? అన్నం నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోతోందా, అది గ్యాసు. వెల్లకిలా పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందా, అది కూడా గ్యాసే. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోవడం నేర్చుకుంది. పొద్దున పోతే మంచం మీద పక్క నలగకుండా ఉండేది. "తినకపోయినా ఒళ్ళొస్తాంది చూడు, దేవుని మేలు కాకపోతే ఏంది?" అని నాతోనే అంది ఒకసారి. నేను ఔనన్నాను.

కూటం ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం పెట్టుకున్నాం. ఇంటి ముందు షామియానా వేసి జంపఖానాలు పరిచాం. పొట్టేలు కోశాం. అమ్మకు నేను కొత్త జాకెట్టు కుట్టాను, ఈసారి పక్కల్లో గుడ్డ బాగా వదిలి. ఇంకా లావవుతుందని మరి! అయ్యగారు వాక్యం చెప్పి, అమ్మను సాక్ష్యం చెప్పమని పిలిచాడు.

అమ్మ లేచి మైకు పట్టుకుంది. నిలబడేసరికే ముఖం మీద చెమట. "అయ్యగారికీ, సంఘానికీ వందనాలు" అంది. మిరపకోతలకు పోయిన రోజుల నుంచి మొదలుపెట్టింది. షుగరు వచ్చింది, ఒళ్ళు పోయింది, జనం నన్ను చూసి తలలు తిప్పుకున్నారు అంది. మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు కూర్చున్నవాళ్ళు. మందిరంలో అలవాటు అది. సాక్ష్యం చెప్పే మనిషికి గొంతు పూడుకుపోతే మిగతావాళ్ళు స్తోత్రంతో ఆదుకుంటారు.

"సచ్చిపోవాల్సిన దాన్ని... నన్ను..." అని అమ్మ ఆగిపోయింది.

భుజాలు పైకి కిందికి ఎగిరెగిరి పడుతున్నాయి. నోరు తెరుచుకుంది. కళ్ళలో నీళ్ళు. మైకులో ఆమె ఊపిరి గరగరమని వినిపిస్తోంది. ఏడుస్తోందనుకున్నారు. హల్లెలూయ అని ఎవరో గట్టిగా అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. ఒక్కరు కాదు, ఇద్దరు కాదు, షామియానా కింద ఉన్న వాళ్ళంతా చేతులెత్తి స్తోత్రం, స్తోత్రం అని. చిన్నమ్మ ఏడుస్తూ నన్ను వాటేసుకుంది. నేనూ ఏడ్చాను. మా అమ్మకు ఊపిరాడక ప్రాణం పోతుంటే మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆమె మైకు వదిలేసింది. అది నేలకు తగిలి కీచుమంది. అప్పుడు కదా ఆమె పెదాలు చూశాను! నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"పడుకోబెట్టండి, గాలి తగలనీయండి" అని అందరూ ఒక్కసారే మీద పడ్డారు. జంపఖానా మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అంతే, అమ్మ పిడికిళ్ళు బిగించి, ముక్కలు చేసినా సరే పడుకోనన్నట్టు మమ్మల్ని తోసేసి లేచి కూర్చుంది. ఆ ముసలి ఒంట్లో అంత బలం ఎక్కడిదో. మళ్ళీ పడుకోబెట్టబోయారు. "ముట్టుకోమాకండి! కూర్చోనీయండి మా అమ్మను!" అని నేను అరిచిన అరుపుకు కాకులు లేచిపోయాయి. మామ ఆటో తెచ్చేశాడు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, నేనొక పక్కా చిన్నమ్మ ఒక పక్కా పట్టుకున్నాం. గిద్దలూరు దాకా ఆమె ముందు కడ్డీని పట్టుకుని, వంగి, చేపలాగా నోరు తెరిచి మూస్తూనే ఉంది. దేవుడా, ఆ రోడ్డు! గుంత వచ్చినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగిపోయిందేమోనని వీపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను.

గిద్దలూరు ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టి, ఒక సూది వేసి, "మార్కాపురం తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దు" అన్నారు. అంబులెన్సులో నేనొక్కదాన్నే ఆమె పక్కన. కంభం దాటుతుండగా అమ్మ చేతితో సైగ చేసింది. నేను వంగాను. ముఖానికున్న గొట్టం పక్కకు లాగి, "అందరూ... అన్నాలు తిన్నారా?" అంది.

"తిన్నారు మా, తిన్నారు. నువ్వు మాట్లాడొద్దు" అన్నాను. అక్కడ కూర పొయ్యి మీదనే ఉందో మాడిపోయిందో నాకేం తెలుసు.

మార్కాపురంలో చూసింది ఒక డాక్టరమ్మ. నా కంటే చిన్నది. అమ్మ గుండెలకు గొట్టం పెట్టి వింటూనే నన్నడిగింది, "ఈమె ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటుంది?"

నాకు ఒళ్ళు మండింది. మనిషి పోతుంటే దిండ్ల లెక్క ఏంది? "దిండు లేదు మేడం. అసలు పడుకోదు. గోడకు ఆనుకుని కూర్చుంటాది" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"శానా రోజులాయె."

ఆమె మంచం చివరికి వచ్చింది. అమ్మ చీర కొంచెం పైకి జరిపి, చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసింది. పిండి ముద్దలో వేలు దిగినట్టు గుంట పడింది. అది పూడుకుంటుందని చూశాను. పూడలేదు.

"ఈ మధ్య బరువు పెరిగిందా?" అంది డాక్టరమ్మ.

నేను ఏమన్నానో వినండి. "పెరిగింది మేడం! బాగా ఒళ్ళొచ్చింది, దేవుని దయ" అన్నాను. అంత గాబరాలోనూ ఆ మాట సంతోషంగానే వచ్చింది నా నోటినుంచి.

ఆమె నా ముఖం వైపు చూసింది. కోపంగా కాదు. "అది ఒళ్ళు కాదమ్మా, నీరు" అంది. "గుండె సరిగ్గా పంపు చెయ్యలేక ఒంట్లో నీరు నిలబడిపోయింది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి చేరింది. అందుకే ఆయాసం."

"ఆమెకు గుండె జబ్బు లేదు మేడం. షుగరొకటే ఉంది."

"షుగరే చేసింది ఇదంతా. ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే గుండెకు పోయే రక్తనాళాలు పాడవుతాయి, గుండె కండరం కూడా బలం పోగొట్టుకుంటుంది. ఎప్పుడన్నా గుండెనొప్పి అందా?"

"లేదు. ఎప్పుడూ అనలేదు."

"షుగరున్న వాళ్ళకు నరాలు మొద్దుబారతాయి. గుండెపోటు వచ్చినా ఒక్కోసారి నొప్పి తెలియదు. ఊరికే చెమటలు పట్టి, వాంతి అయి, నీరసపడిపోయిన రోజేదైనా ఉందా? గుర్తు చేసుకో."

గుర్తు చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతకుముందటి మిరపకోతల కాలం, సూదులతో కాస్త తేరుకుని అమ్మ మళ్ళీ కూలికి పోతున్న రోజులు. చేలో ఎండ అంత లేదు కూడా. అమ్మ సాలు మధ్యలో కూర్చుండిపోయింది. జాకెట్టు పిండితే చెమట కారేటట్టు ఉంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అన్నారు. నీడలో గోనెసంచుల మీద పడుకోబెట్టి ఉప్పేసిన మజ్జిగ తాగించారు. మర్నాడు మళ్ళీ కోతకు పోయింది. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తల ఊపింది. గుండె స్కానింగు తీశాక అదే అయ్యుంటుందని చెప్పింది. గుండెలో ఒక పక్క గోడ సరిగ్గా కదలడం లేదట.

మా అమ్మకు గుండెపోటు వచ్చింది, ఆమెకే తెలియలేదు! మరునాడు పోయి కాయలు కోసింది. ఇంత పెద్ద దెబ్బ తగిలితే ఒక్క నొప్పి కూడా పుట్టని ఒంటిని ఎట్లా నమ్మేది? ఇప్పుడు ఆమె బాగానే ఉన్నానంటే నాకు ధైర్యం రాదు. ఆ రోజు కూడా బాగానే ఉన్నానంది.

ఆస్పత్రిలో మందులెక్కించేకొద్దీ ఒంట్లో నీరు ఒంటేలుగా దిగడం మొదలైంది. మంచం పక్కన కట్టిన సంచి నిండడం, నర్సు వచ్చి వంచడం, మళ్ళీ నిండడం. నేను ఆ సంచి వైపు చూస్తూ కూర్చునేదాన్ని. రేషను కాటా మీద మేం చూసి మురిసింది, పొట్టేలు కోసి పండగ చేసుకుంది, అదంతా పసుపు నీళ్ళయి పైపులోంచి పోతోంది. బుగ్గలు మళ్ళీ లోపలికి పోయాయి. నేను వదులు చేసిన జాకెట్టు ఆమె ఒంటి మీద ఎవరిదో తెచ్చి తొడిగినట్టు వేలాడింది. కానీ అమ్మ వెనక్కి వాలి పడుకుంది. ఎన్ని రోజుల తర్వాతో ఆమె పడుకుని నిద్రపోవడం చూశాను. మామ వార్డు బయట నిలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకు చెప్పిన మాటలు ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటాయి. ఈ గుండె పూర్తిగా మునుపటిలాగా కాదు, మందులతో నెట్టుకురావాలి. ఉప్పు తగ్గించాలి. నీళ్ళు కూడా కొలత ప్రకారమే. రోజూ పొద్దున ఏమీ తినకముందు బరువు చూడాలి. రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా బరువు పెరిగితే, కాళ్ళు వాస్తే, పడుకుంటే ఊపిరాడకపోతే వెంటనే రావాలి. "ఈసారి కూటం దాకా ఆగొద్దు" అంది. ఆమెకు మామ చెప్పినట్టున్నాడు.

ఊరు మాత్రం ఊరే. అమ్మను ఆటోలోంచి దించగానే చిన్నమ్మ నోరు నొక్కుకుంది. "అయ్యో అయ్యో, ఎట్లుండే మనిషి ఎట్లయిపోయింది! ఆస్పత్రోళ్ళు పీల్చేసినారు గదే!"

"పీల్చేసింది ఒళ్ళు గాదు చిన్నమ్మా, నీళ్ళు" అన్నాను. "ఇంగెవురన్నా మా అమ్మ ముందర లావు, సన్నం అన్నారంటే బాగుండదు, చెప్తాండా."

అందరికీ వినబడేటట్టే అన్నాను. ఆ రోజు నుంచి వాళ్ళు మా గుమ్మంలోకి వచ్చినప్పుడు మాట మింగి వస్తారు. మింగనీ.

గిద్దలూరులో చిన్న కాటా కొనుక్కొచ్చాను. పొద్దున అమ్మ దాని మీద నిలబడితే నేను కింద కూర్చుని అంకె చూస్తాను. అంకె రవ్వంత పైకి పోతే నా ప్రాణం పైకి పోతుంది. ఎన్నేళ్ళు ఆ అంకె పెరగాలని ప్రార్థన చేశామో! ఇప్పుడు పెరగొద్దని చేస్తున్నాను. ఉప్పు దగ్గర రోజూ యుద్ధమే. "ఉప్పు లేని కూడు గొడ్లు గూడా మూతి పెట్టవు. ఇంతోటి దానికి బతికించినావా నన్ను?" అంటుంది. ఊరగాయ జాడీ మా ఇంటికి మోసుకొచ్చేశాను. నీళ్ళ సంగతి మరీ అన్యాయం. ట్యాంకరు వస్తే బిందెల కోసం జుట్లు పట్టుకున్న ఊరు మాది. ఆ ఊళ్ళో నేను మా అమ్మ చేతిలో చెంబు లాక్కుంటున్నాను.

నీరు దిగే మాత్ర ఒకటిచ్చారు. అది వేసుకుంటే గంటసేపు ఒంటేలుకు తిరుగుతూనే ఉండాలి. కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత సోమవారం పూట కాటా అంకె పెరగడం, కాలి మీద గుంట లోతుగా పడడం చూశాను. ప్రతి సోమవారమూ! మందు పనిచెయ్యడం లేదనుకున్నాను, గుండె ఇంకా చెడిందనుకున్నాను. మార్కాపురం పోదామని మామను ఆటో తియ్యమన్నాను కూడా. అప్పుడు అమ్మ తల వంచుకుని, "ఆదివారం ఏసుకోలేదు లే" అంది.

"ఏంది?"

"మందిరంలో మధ్యలో లేసి పోతే బాగుంటాదా? ఆడ దొడ్డి గూడా లేదు. మొగోళ్ళంతా ఆ పక్కనే నిలబడుంటారు."

నేను అరిచాను. సిగ్గు కోసం చస్తావా అన్నాను. నువ్వు పోతే నాకెవరున్నారు అన్నాను. అనకూడని మాటలు చాలానే అన్నాను, ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. డాక్టరమ్మకు ఫోను చేస్తే, మాత్ర వేళ మార్చుకోవచ్చు, మానడం మాత్రం కుదరదు అంది. ఇప్పుడు ఆదివారం ఆరాధన నుంచి రాగానే నా కళ్ళ ముందే వేసుకుంటుంది. మామ మందిరం వెనక ఆడవాళ్ళకు మరుగుగా టార్పాలిను కట్టించాడు. ఆడవాళ్ళంతా దాన్ని వాడుకుంటున్నారు. అంటే ఇన్నాళ్ళూ అందరూ బిగబట్టుకునే కూర్చున్నారన్నమాట.

నాకు కూడా షుగరు ఉంది. ఉంటుందిగా, ఆమె కూతుర్నే. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడే చూపించుకుంటే బయటపడింది. మాత్ర వేళ తప్పను. మిషను మీద పని చేస్తుంటే అప్పుడప్పుడూ వేలికి సూది గుచ్చుకుంటుంది. ఇదివరకు తిట్టుకునేదాన్ని. ఇప్పుడు చురుక్కుమంటే మనసు కుదుటపడుతుంది, నొప్పి తెలుస్తోంది కదా అని.

కొంతకాలం గడిచాక అమ్మ ఒక రోజు, "సాక్ష్యం సగంలో నిలబడిపోయింది" అంది.

"ఏ సాక్ష్యం?" అన్నాను, తెలిసి కూడా.

"దేవుని ముందర సగం మాట పెట్టి లేసొచ్చినా. నిండా చెప్పాల."

వద్దన్నాను. మైకు పట్టుకోవద్దు, నిలబడొద్దు, నాలుగు గోడల మధ్య చెప్పుకుంటే దేవుడికి వినబడదా అన్నాను. ఆమె వింటేగా. మా ఇంట్లో మొండితనం నాతో మొదలు కాలేదు. చివరికి కుర్చీలో కూర్చుని చెప్పేటట్టు, రెండే మాటలు చెప్పేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ ఆదివారం పొద్దున కాలు నొక్కాను, గుంట పడలేదు. కాటా చూశాను, అంకె కదలలేదు. అయినా దారంతా ఆమె చెయ్యి వదలలేదు నేను.

మందిరం నిండా జనం. అయ్యగారు మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర తానే పట్టుకున్నాడు. నేను మొదటి వరసలో, ఆమె కాళ్ళకు చెయ్యి అందేంత దూరంలో కూర్చున్నాను. అమ్మ వందనాలు చెప్పింది. పోయిన మారు ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అందుకుంది.

"సచ్చిపోవాల్సిన దాన్ని... నన్ను..."

ఆగింది.

ఎవరూ స్తోత్రం అనలేదు. హల్లెలూయ అనలేదు. అంత మందిలో ఒక్క చప్పుడు లేదు, ఫ్యాను తప్ప. చిన్నమ్మ నా భుజం పట్టుకున్న చెయ్యి గోళ్ళు దిగేటట్టు బిగించింది. వెనక మామ లేచి నిలబడ్డాడు, ఆటో తాళంచెవి గలగలమంది. అందరూ అమ్మ పెదాల రంగే చూస్తున్నారు.

అమ్మ మా ముఖాలన్నీ ఒక్కసారి చూసింది.

"ఏందబ్బా అందరూ అట్ల గుడ్లప్పగించి సూస్తాండారు?" అంది. "స్తోత్రం చెప్పండి. నేను ఊపిరి తీసుకుంటాండా."

ఆమె ఊపిరి లోపలికి పోయి, బయటికొచ్చేదాకా అందరం చూస్తూ కూర్చున్నాం.